సగం దాటాక పడే దెబ్బ

కూకట్‌పల్లి,
24-9-1978, ఆదివారం.

చిరంజీవి నాగేశ్వరికి మీ నాన్న దీవించి రాసేది.

ఇక్కడ క్షేమం. తునిలో నువ్వూ, మీ మామయ్య ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను. అలవాటు కొద్దీ "ఇక్కడ అందరమూ" అని రాయబోయి ఆగాను. ఒక్కడికి అంత మాట ఎందుకు?

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. అయిదు ప్రశ్నలు అడిగావు. వరసగా చెబుతాను.

వంట నేనే చేసుకుంటున్నాను. రోజూ కూర మారుతుంది, రుచి మారదు. ఇల్లుగలావిడ నీలమ్మ ఆదివారాలు జొన్నరొట్టె తెచ్చిపెడుతోంది. "బియ్యం తినేటోళ్లకు బలం ఏడికెల్లి వస్తది సారూ" అని దెప్పి మరీ పెడుతుంది. తింటున్నాను.

పన్ను పీకించాను. డాక్టరు ముందు మంచి పన్ను పట్టుకుని ఊపాడు. ఇది కాదన్నాను. "అయితే మీరే చూపించండి" అన్నాడు. చదువుకున్నవాడే.

కార్తీకంలో మీ అమ్మ సంవత్సరీకానికి సెలవు పెట్టాను. ఇచ్చారు. నాలుగు రోజుల ముందే వస్తాను. బ్రాహ్మడితో మీ మామయ్యనే మాట్లాడమను. నేను మాట్లాడితే పని చెడుతుంది.

చీరలు ఎవరికీ ఇవ్వలేదు. మళ్ళీ అడగకు.

అయిదోది టేపు సంగతి. "అమ్మ మొహం గుర్తుంది కానీ గొంతు మర్చిపోతున్నాను నాన్నా, వచ్చేటప్పుడు ఆ టేపు తప్పకుండా తీసుకురండి" అని రాశావు. దాని జవాబు చివర ఉంది. మధ్యలో రాసేదంతా ఫ్యాక్టరీ గోలలా కనిపిస్తుంది. అయినా దాటేసి చదవకు. ఈ గోల లేకుండా ఆ జవాబు రాయడం నాకు చేతకాలేదు.

మా వర్క్స్ మేనేజరు కామేశ్వరరావు గారు జపాన్ వెళ్ళొచ్చారు. పదిహేను రోజులు. తిరిగొచ్చాక ఆయన నడక కూడా మారింది. అక్కడ ఒక పెట్టె చూశారట. మీట నొక్కితే డ్రమ్ములు దానంతట అదే వాయిస్తుందట. మనిషి అక్కర్లేదు. రేడియోల గిరాకీ తగ్గింది కనుక అలాంటిది మనమూ చేద్దామన్నారు. ఆయనకు తెలిసిన సంగీతమల్లా రేడియోలో వార్తలకు ముందు వచ్చేది. అయినా అన్నారు. చేసే పని నాకు పడింది.

చేయడం కష్టం కాదు. ముందు భాగంలో పదహారు గళ్ళ పలక ఉంటుంది. ఏ గడిలో పిన్ను గుచ్చితే ఆ వంతు రాగానే దెబ్బ పడుతుంది. పిన్నులు మారిస్తే తాళం మారుతుంది. లోపల గడియారంలాంటి సర్క్యూట్ ఒకటి ఆ గళ్ళను ఒకదాని తర్వాత ఒకటి నడిపిస్తుంది. వెయ్యో వంతు సెకను కూడా తేడా రాదు. రెండు నెలల్లో పూర్తిచేశాను. చక్కగా చేశాననుకున్నాను.

క్యాంటీన్‌లో బల్ల మీద పెట్టి వాయించాం. జనరల్ మేనేజరు చప్పట్లు కొట్టారు. వెంటనే అందరూ కొట్టారు. ఆ చప్పట్లలో కూడా తాళం లేదు. అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"గిదేంది సారూ, గోడగడియారం లెక్క కొడుతున్నది? పీనుగును మోసేటోళ్ల అడుగైనా జర ఊగుతది. దీనికి గదీ లేదు."

ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే సాయిలు. యాభై దాటిన మనిషి. బోరబండ నుంచి నడిచి వస్తాడు. పదకొండేళ్ళుగా ఒకే గేటులోంచి లోపలికి వెళ్తున్నాం. అతనితో ఒక్క మాట కూడా మాట్లాడి ఉండను. వాళ్ళ ఇంట్లో తాతల నాటి నుంచి డప్పు కొడతారని ఆ రోజే తెలిసింది. కామేశ్వరరావు గారు కళ్ళెర్రజేశారు. సాయిలు అట్టపెట్టె భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

అతను అన్నది నిజమని నాకు అప్పుడే తెలిసింది. ఒప్పుకోవడానికి వారం పట్టింది.

ఆ వారంలో కామేశ్వరరావు గారు స్వయంగా ఒక మందు కనిపెట్టారు. "మనిషి తప్పులు చేస్తాడండీ రామబ్రహ్మం గారూ. యంత్రం చేయదు. కొన్ని తప్పులు కలపండి, మనిషి అయిపోతుంది" అన్నారు. మనిషి గురించి ఆయనకున్న అభిప్రాయం అది. తన అనుభవం కావచ్చు. చెప్పినట్టే చేశాను. ఒక్కో దెబ్బ లెక్కాపత్రం లేకుండా కాస్త ముందుకో వెనక్కో పడేలా సర్క్యూట్ కలిపాను. పెళ్ళిళ్ళకు పాటల ట్రూపు నడిపే బుల్లిబాబు అనే ఆయన్ని వినడానికి పిలిచారు. ఆయన తన డ్రమ్మరును మాన్పించి ఈ పెట్టె పెట్టుకోవాలని చూస్తున్నాడు.

"డ్రమ్మరైతే రెండు పూటలా భోజనం, ఒక కుర్చీ, పైగా అలుగుతాడండీ. ఇది అలగదు కదా?"

"అలగదు" అన్నాను.

మీట నొక్కాను. ఆయన కాసేపు విన్నాడు.

"ఏవండీ, ఇది తాగొచ్చిందేంటండీ?"

కామేశ్వరరావు గారు నా వైపు చూశారు, తాగించింది నేనన్నట్టు. ఇలాంటి పెద్దల కింద ఇరవై మూడేళ్ళు పనిచేశాను నాగేశ్వరీ. నా పింఛను కాగితాల మీద సంతకం పెట్టేది కూడా ఇలాంటివాడే.

మర్నాడు నేనే ప్యాకింగ్ సెక్షన్‌కు వెళ్ళాను. సాయిలు మేకులు కొడుతున్నాడు. ఆ దెబ్బల్లో కూడా ఒక ఊపు ఉంది. ఆ పెట్టెకు ఏం తక్కువైందని అడిగాను. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నోటితోటి చెప్తే వచ్చేదైతే మా పోరగాండ్లు ఎప్పుడో నేర్చేటోళ్లు. ఐతారం గచ్చిబౌలిల పెండ్లి ఉన్నది. వస్తవా?"

ఆ "వస్తవా" నాకు గుచ్చుకుంది. అయినా ఆ ఆదివారం వెళ్ళాను. లింగంపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి బండరాళ్ళ మధ్య నడక. ఫ్యాక్టరీ టేపురికార్డరు భుజాన వేసుకుని పెళ్ళివారి వాకిట్లో నిలబడితే నన్ను ఫోటోలవాడనుకుని ఒక ముసలాయన జుట్టు దువ్వుకొచ్చాడు.

సాయిలు, మరో నలుగురు ఎండుగడ్డి మంట వేసి డప్పులు కాచారు. వేలితో తట్టి చూస్తూ, చర్మం బిగిసేదాకా ఓపికగా తిప్పుతూ కాచారు. నేను చేసిన పెట్టెకు మీట నొక్కితే చాలు. తర్వాత ఊరేగింపు కదిలింది. వాళ్ళు నిలబడి కొట్టరు. అడుగేస్తూ, వంగుతూ, తిరుగుతూ కొడతారు. నా కాలు కూడా కదిలింది. యాభై రెండేళ్ళ వయసులో, భార్య పోయి ఏడాది తిరగకుండా, ఎవరిదో పెళ్ళిలో. ఆపుకున్నాను.

మధ్యలో నీళ్ళు తాగడానికి ఆగినప్పుడు అడిగాను, రెండు పెద్దదెబ్బల మధ్య పడే ఆ చిన్నదెబ్బ ఎందుకు ఆలస్యమవుతోందని.

"ఆలస్యం కాదు సారూ. కాలు ముందు పడతది. కాలు పడ్డదా లేదా అని చెయ్యి చూస్తది. పడ్డంక కొడతది. నీ డబ్బకు కాలు లేదాయె, ఇగ దేనికోసం చూస్తది?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళలో నాకెవరూ ఇంత తేటగా ఏదీ చెప్పలేదు.

సోమవారం ఆ టేపును యంత్రానికి పెట్టి దెబ్బలను గ్రాఫ్ కాగితం మీద గీయించాను. రెండు పెద్దదెబ్బల మధ్య దూరాన్ని వంద అనుకో. మధ్యలో చిన్నదెబ్బ సరిగ్గా యాభై దగ్గర పడాలి. నా పెట్టెలో అక్కడే పడుతుంది. సాయిలు చేతిలో అరవై ఒకటి దగ్గర పడింది. ఒకసారి కాదు, ప్రతిసారీ. అటూ ఇటూ ఒక వంతు తేడా, అంతే. తప్పు అనేది ఇంత క్రమంగా రాదు. కామేశ్వరరావు గారి సిద్ధాంతం అక్కడితో సరి. పెద్దదెబ్బ గడియారం మీదే ఉంటుంది. చిన్నది మాత్రం సగం దాటి, ఎప్పుడూ ఒకే చోట ఆగి, పడుతుంది. ఊపంతా ఆ కాస్త ఆగడంలో ఉంది.

అరవై ఒకటి పెట్టి వాయించాం. పెట్టెకు ప్రాణం వచ్చింది. కానీ బుల్లిబాబు పెదవి విరిచాడు. ఊరేగింపుకు బాగుంటుంది, పాట కింద పెడితే పాటను ఈడ్చుకుపోతోందన్నాడు. ఆయనకు చెవులున్నాయని ఆ రోజు ఒప్పుకున్నాను. ఇంకా తక్కువ కావాలి. ఎంత తక్కువో తెలియదు.

ఆ అంకె నా వంటింట్లో ఉంది.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు ఆఫీసు రికార్డరు నాలుగు రోజులు ఇంటికి తెచ్చాను. అమ్మ పాడింది, నీకు నేర్పింది, చేత్తో తాళం వేసింది. అంతా ఆ ఒక్క టేపులోనే ఉంది. మీ అమ్మ తాళం వెనకబడుతుందని నేను నీ చిన్నప్పటి నుంచీ అనేవాణ్ణి. "బస్సు వెళ్ళిపోయాక చెయ్యెత్తినట్టుంది నీ తాళం" అనేవాణ్ణి. నీకు గుర్తుండాలి, నువ్వూ నవ్వేదానివి. ఆ టేపు దొరికాక నా మాటకు రుజువు దొరికిందనుకున్నాను. ఆఫీసులో దాన్ని కొలిచాను. ఇదే వంద వంతుల లెక్కలో ఏ చప్పట ఎంత వెనకపడిందో గ్రాఫ్ కాగితం మీద ఎర్రసిరాతో రాసి, ఇంటికి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచి దళసరి కాగితమండీ" అని పోపులపెట్టె కింద పరిచింది.

ఆ తర్వాత నా ఎదుట పాడటం తగ్గించింది. ఎందుకని నేను అడగలేదు.

రెండు వారాల కిందట పోపులపెట్టె జరిపాను. పదమూడేళ్ళ పసుపు మరకల కింద నా ఎర్రసిరా. యాభై ఏడు, యాభై ఎనిమిది, యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, యాభై ఎనిమిది. చివరి దాకా అంతే. కింద నా చేతిరాతలో: "క్రమం తప్పక వెనకబడుతోంది." క్రమం తప్పక అని రాసినవాడికి, క్రమం తప్పనిది తప్పు కాదని తోచలేదు. ఫస్టు క్లాసులో ప్యాసయ్యాడు వాడు. కామేశ్వరరావు గారిని ఇంతసేపు ఎగతాళి చేశాను కదా. ఆయన ఒక పెట్టెను పాడుచేశాడు, అంతే.

యాభై ఎనిమిది పెట్టాను.

బుల్లిబాబు దాని కింద పాడించి చూసుకున్నాడు. రెండో చరణానికి కళ్ళు మూసుకున్నాడు. కామేశ్వరరావు గారు అది తన ఆలోచనేనని జనరల్ మేనేజరుకు ఫోనులో చెబుతుండగా విన్నాను. వచ్చే నెల పదిన పెట్టె మద్రాసు ప్రదర్శనకు వెళుతుందట. ఆ అంకె ఎక్కడిదని నన్ను ఎవరూ అడగలేదు, సాయిలు తప్ప. అట్టపెట్టె మోసుకుంటూ తలుపు దగ్గర ఆగాడు. పెట్టె దించాడు. చాలాసేపు విన్నాడు.

"గిది మా చెయ్యి కాదు. ఎవల చెయ్యి సారూ?"

నా భార్యదని, టేపులోంచి కొలిచానని చెప్పాను. ఆవిడ పోయాక ఫ్యాక్టరీలో ఆవిడ గురించి నేనన్న మొదటి మాట అది.

"ఒక్కసారి ఇనిపియ్యుండ్రి" అన్నాడు.

ఇక నీ అయిదో ప్రశ్న.

ఆ టేపులో అమ్మ గొంతు లేదు నాగేశ్వరీ. మూడేళ్ళ కిందట చెరిపేశాను. ఆఫీసు రికార్డరు ఒకటి బాగుచేయడానికి ఇంటికి తెచ్చాను. ధ్వని స్థాయి సరిచూడటానికి ఒకే శ్రుతిలో సాగే కూత ఒకటి దానితో టేపు మీదికి ఎక్కించాలి. ఖాళీ టేపు లేదు. బజారుకు వెళ్ళడానికి బద్ధకించి బీరువాలోంచి ఆ టేపు తీశాను. ఏం టేపో తెలిసే తీశాను. తప్పుతాళం టేపే కదా అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికే ఇరవై రోజులు పట్టింది.

కూత విని మీ అమ్మ వంటింట్లోంచి వచ్చింది. టేపు అట్ట చూసి గుర్తుపట్టింది. గుమ్మంలో నిలబడింది. నేను తలెత్తలేదు.

"పోనీలెండి. నేనున్నాగా, మళ్ళీ పాడతాను" అంది.

ఆ తర్వాత రెండేళ్ళకు పైగా బతికింది. రికార్డరు ఇంట్లో మరో వారం ఉంది. నేను పాడమనలేదు.

ఆవిడ పోయిన రోజు నువ్వు అడిగితే, టేపు జాగ్రత్తగా ఉందన్నాను. తర్వాతి ఉత్తరంలో రికార్డరు చెడిందని రాశాను. ఆ పై ఉత్తరంలో శుభ్రం చేయడానికి ఇచ్చానన్నాను. మూడూ అబద్ధాలు. అబద్ధాలు కూడా నాసిరకానివి.

పోయిన ఆదివారం సాయిలు ఇంటికి వచ్చాడు. నీలమ్మ గుమ్మంలో నిలబడి ఎవరో ఏమిటో ఆరా తీసింది. అతన్ని నా ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టడం చూసి వెళ్ళిపోయింది. టేపులో ఏమీ లేదని సాయిలుకు చెప్పాను. నమ్మడేమోనని ఫ్యాక్టరీ రికార్డరులో పెట్టి చూపించాను. కూత మొదలైంది. అతను వింటూ కూర్చున్నాడు.

"ఏంది సారూ గిది? దవాఖాన మిషిన్ లెక్క."

"ఇంతే. ఆపేస్తాను."

"ఉండనియ్యుండ్రి. ఖతం అయ్యేదాంక చూద్దాం."

ఇరవై మూడు నిమిషాలు. అతను కదలలేదు. నేను చేసిన పనిని ఒక మనిషి ఇరవై మూడు నిమిషాలు ఎదురుగా కూర్చుని విన్నాడు. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయలేదు.

కూత ఆగింది. టేపు ఇంకా తిరుగుతోంది. ఆ రోజు నేను చివరి దాకా చెరపలేదు. పని అయిపోయి ముందే ఆపేసి ఉంటాను. నలభై సెకన్లు మిగిలాయి.

వాటిలో నువ్వున్నావు. తొమ్మిదేళ్ళ గొంతు, ముక్కుతో పాడుతున్నావు. వెనక చప్పట్లు. అమ్మ పాడటం లేదు. నీచేత పాడిస్తోంది. నీకప్పుడు ఊపిరి చాలేది కాదు, గుర్తుందా, ప్రతి ముక్కకూ ముందు గట్టిగా పీల్చేదానివి. ఆ పీల్పు కూడా టేపులో పడింది. పీల్పు, ఆ తర్వాత నీ గొంతు, గొంతుతోపాటే చప్పట.

రెండోసారి పెట్టమన్నాడు సాయిలు. విన్నాడు.

"అమ్మ తప్పు కొట్టలే సారూ. బిడ్డ ఊపిరి తీస్కునేదాంక ఆగింది. అటెన్క అదే అలవాటైంది."

తర్వాత లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు, నా వైపు చూడకుండా. మర్యాద తెలిసినవాడు.

నువ్వు పెద్దదానివయ్యావు. హాస్టలుకు వెళ్ళావు, ఉద్యోగానికి వెళ్ళావు. ఆవిడ శుక్రవారాలు ఒక్కతే పాడుకునేటప్పుడు కూడా ఆ చోట ఆగేది. ఎవరికోసం ఆగుతోందో నేను ఆలోచించలేదు, దాన్ని ఏనాడో వంతుల్లో కొలిచేశాను కదా.

టేపును రిజిస్టరు పార్సిల్‌లో పంపుతున్నాను. సంవత్సరీకం దాకా నా దగ్గర ఉంచుకునే అర్హత లేదు. మీ స్కూల్లో రికార్డరు ఉందన్నావు కదా, అందులో పెట్టుకో.

ఇంకొక సంగతి నువ్వు తేల్చాలి. ఆ యాభై ఎనిమిది మీ అమ్మది, సగం నీది. నిన్ను అడగకుండా పెట్టెలో పెట్టాను. పదో తారీఖు దాటితే అది ముక్కూ మొహం తెలియని పెళ్ళిళ్ళలో మోగుతుంది. వద్దంటే ఒక్క ముక్క రాయి, తీసేసి సాయిలు అరవై ఒకటి పెడతాను. అతన్ని అడిగాను. "పెట్టుకోండ్రి, మాదేం పోతది, మాది ఊరందరిదే" అన్నాడు. బుల్లిబాబు సణుగుతాడు. సణగనీ. ఉండనిమ్మన్నా రాయి. ఈసారి నేను అడుగుతున్నాను, నీ జవాబు కోసం ఆగుతాను.

నన్ను క్షమించమని రాయడం లేదు. ఆవిడ "పోనీలెండి" అంది. నువ్వు కూడా అలా అనకు.

పార్సిల్ విప్పాక ఒక జాగ్రత్త. టేపును ఆ నలభై సెకన్ల మొదటికి చుట్టి పెట్టాను. నేరుగా మీట నొక్కు. వెనక్కి తిప్పకు. వెనక ఉన్నది నా కూతే. ముందున్నది నువ్వు, నీ కోసం ఆగిన చెయ్యి.

ఇట్లు,
మీ నాన్న
రామబ్రహ్మం